ద్రాక్షాపాకమూ, మార్కుల పట్టీ

మార్కులు వేయటం నా వృత్తి. సెమిస్టరు పరీక్షలు ముగిసిన తరువాత మూల్యాంకన కేంద్రంలో కూర్చుని కట్టలు కట్టలుగా జవాబు పత్రాలు దిద్దుతాను. ప్రబంధ నాయికను గురించి ఒక విద్యార్థి రాసినదానికి పదికి ఆరున్నర ఎందుకు వచ్చిందో, ఏడు ఎందుకు రాలేదో నన్నెవరూ అడగరు. ఎవరూ అడగరు గనుక నేనూ నన్ను అడుక్కోలేదు. పదేళ్ళుగా సాగుతున్న ఈ నిశ్చింత గత జనవరిలో, నాసిక్ దగ్గర ఒక ద్రాక్షతోటలో, ఆరు గాజు గ్లాసుల ముందు చెదిరిపోయింది.

ఆ సంగతి ఈ పత్రిక పాఠకులకు చెప్పదగినదేనా అని కొంతకాలం సంకోచించాను. మద్యం రుచి చూడటమూ, దానికి మార్కులు వేయటమూ మనం చర్చించవలసిన విషయాలా అని మిత్రులు అడగవచ్చు. అడగటం న్యాయమే. అయితే రుచి అనే మాట వైన్ వ్యాపారులది మాత్రమే కాదు. రసమనీ, ఆస్వాదమనీ, పాకమనీ మన సాహిత్య విమర్శ మొదటి నుంచీ నోటికి సంబంధించిన మాటలతోనే బతుకుతున్నది. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని తరగతిలో పాఠం చెప్పే నేను, ద్రాక్షను నిజంగా పాకం పట్టే చోటికి వెళ్ళినప్పుడు ఏమి నేర్చుకున్నానో చెప్పుకోవటంలో తప్పు లేదనిపించింది.

నేను నాసిక్ వెళ్ళింది వైన్ కోసం కాదు, దళిత సాహిత్యం మీద జరిగిన ఒక సదస్సు కోసం. మన తెలుగువాళ్ళకు గోదావరి అంటే రాజమండ్రి. ఆ గోదావరి పుట్టేది నాసిక్‌కు దగ్గర్లోని త్ర్యంబకం కొండల్లో. నాసిక్‌లో అదే నదికి సమీపంలో కాలారామ్ దేవాలయం వుంది. 1930 మార్చి 2న అంబేద్కర్ నాయకత్వంలో అస్పృశ్యులు ఆ గుడి ప్రవేశం కోసం సత్యాగ్రహం ప్రారంభించారు. ఏళ్ళ తరబడి పోరాడినా తలుపు తెరుచుకోలేదు. 2018 మార్చి 6న ఈ నాసిక్ నుంచే వేలాది రైతులు, వారిలో ఎక్కువమంది ఆదివాసులు, ఎర్రజెండాలు పట్టుకుని బయలుదేరారు. సుమారు 180 కిలోమీటర్లు నడిచి 12వ తేదీకి ముంబాయి చేరారు. పొట్లిపోయి రక్తమోడుతున్న వాళ్ళ అరికాళ్ళ ఫోటోలు మనందరం పత్రికల్లో చూశాం. నా మనసులో నాసిక్ అంటే ఈ రెండు సంఘటనలే. మూడో నాసిక్ ఒకటి వుందని అక్కడి మరాఠీ అధ్యాపక మిత్రుడు చెప్పాడు. దేశంలో వైన్ తయారీకి అది ముఖ్యకేంద్రం. తినే ద్రాక్షకు ఏనాటి నుంచో పేరుపడిన ఆ నేలలో సులా సంస్థ తన మొదటి వైన్లను 2000లో విడుదల చేసింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒక విధానం ప్రకటించి ఎక్సైజు పన్నులో రాయితీలిచ్చింది. ఆ విధానం పేరు మద్య విధానం కాదు, ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమ విధానం. భాషను పాఠంగా చెప్పేవాణ్ణి గనుక ఈ పేరు నన్ను ఆకర్షించింది. కొన్ని మద్యాలు సారా అవుతాయి, కొన్ని వ్యవసాయోత్పత్తులు అవుతాయి.

సదస్సు ముగిసిన మర్నాడు మిత్రుడు నన్నొక వైనరీకి తీసుకువెళ్ళాడు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. రుసుము చెల్లిస్తే ఆరు రకాల వైన్ రుచి చూపిస్తారు. "మీరు విమర్శకులు కదా సర్, రసజ్ఞత ఎంత వుందో తేలిపోతుంది" అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను. కారణం చెప్పాలి.

మాది నెల్లూరు జిల్లాలో ఒక కూలి కుటుంబం. ప్రభుత్వ లైసెన్సుతో ఊరూరా సారా పొట్లాలు అమ్మిన కాలంలో మా నాయన ఆ పొట్లాలకే కూలి డబ్బులు పోశాడు. 1991లో చనిపోయాడు. నాకప్పుడు నాలుగేళ్ళు. ఆయన ముఖం నాకు ఫోటోలో చూసిందే గుర్తు, ఆయన చొక్కా వాసన మాత్రం చూసిందే గుర్తు. మరుసటి ఏడు మా జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తుండగా వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వచ్చింది. ఒక ఊరి ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం మూయించిన కథ అది. దూబగుంట స్త్రీలు ఆ కథను కథగా వదిలిపెట్టలేదు. మా అమ్మ వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు దిద్దుకుంటూ దుకాణం ముందు బైఠాయించినవాళ్ళలో వుంది. సాహిత్యం సమాజాన్ని మారుస్తుందా అని విద్యార్థులు అడిగినప్పుడల్లా నేను పెద్ద పెద్ద గ్రంథాలకు పోను, ఆ వాచకంలో పాఠం సంగతే చెబుతాను. 1993లో రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఈనాడు మన ఊళ్ళలో 'వైన్ షాపు' అని బోర్డు కనిపిస్తుంది. లోపల విస్కీ, బ్రాందీ, బీరు వుంటాయి. వైన్ మాత్రం దుమ్ము పట్టిన ఒకటి రెండు సీసాలకు మించి వుండదు. ఆ బోర్డు మీది మాటకు అర్థమేమిటో నాకు 38 ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. ఆ రోజు వరకూ ఏ మద్యమూ నేను నోట పెట్టలేదు.

ఇది వ్రతం కాదు, భయం. తాగితే నాయన అవుతానేమోనన్న భయం. అయితే భయంతో మానుకున్నదాన్ని సిద్ధాంతంతో మానుకున్నట్టు ఇతరులకు చెప్పుకుంటూ వచ్చాను. ఈ ఆత్మవంచన కూడా ఆ రోజు తేలిపోయింది.

రుచి చూపే గది చల్లగా వుంది. పెద్ద అద్దాల గోడ, అద్దం అవతల వరసలు వరసలుగా ద్రాక్షతీగలు. బల్ల మీద ఆరు గ్లాసులు, ఉమ్మటానికొక పాత్ర, ఒక అట్టముక్క. అట్ట మీద గళ్ళు: రంగు, తేటదనం, వాసన, పులుపు, వగరు, నిండుదనం, చివర నిలిచే రుచి, మొత్తం. మొత్తానికి 20. అచ్చం మా మార్కుల పట్టీ లాగే వుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో మేనార్డ్ అమెరీన్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ రూపొందించిన 20 మార్కుల పద్ధతికి ఇది వారసురాలని తరువాత తెలుసుకున్నాను. వాళ్ళు దాన్ని ప్రయోగశాలలో తయారైన వైన్‌లో లోపాలు పట్టటానికి చేసుకున్నారు. 1970ల చివర రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ న్యాయవాది తన పత్రికలో 100 మార్కుల పద్ధతి పెట్టాడు. అమెరికా బడిపిల్లల మార్కుల పద్ధతి అది. 90 దాటిన సీసా అమ్ముడుపోయేది, 85 దగ్గర ఆగింది అరలోనే కూర్చునేది. లోపాలు పట్టటానికి పుట్టిన కొలబద్ద ధర నిర్ణయించే కొలబద్ద అయింది. మన పరీక్షల చరిత్ర కూడా ఇంతకంటె భిన్నమైనదేమీ కాదు.

గ్లాసులు నింపే కుర్రవాడు మర్యాదస్తుడు. దిండోరి ప్రాంతపు రైతు కుటుంబం వాడట. ఈ ఉద్యోగంలో చేరేదాకా తానూ వైన్ ఎరగనని మెల్లగా చెప్పాడు. గ్లాసును కాడ దగ్గర పట్టుకోవాలన్నాడు, తిప్పాలన్నాడు, ముక్కు లోపల పెట్టాలన్నాడు. ముందు తెలుపు, తరువాత ఎరుపు. తెలుపూ ఎరుపూ ద్రాక్షరంగుకు సంబంధించినవేనని నేననుకున్నాను. నిజానికి నల్లద్రాక్ష రసం కూడా సాధారణంగా తెల్లగానే వుంటుంది. రంగంతా తొక్కలో వుంది. తెల్ల వైన్‌కు పండు పిండి, తొక్క తీసేసి రసాన్ని పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తొక్కతో, గింజతో కలిపి పులియబెడతారు. అందువల్ల రంగూ వస్తుంది, వగరూ వస్తుంది.

మొదటిది సావిన్యాన్ బ్లాన్. ముక్కు దగ్గర పెట్టుకోగానే పచ్చిమిరపకాయ తుంచిన వాసన! ఆశ్చర్యపోయి అదే చెప్పాను. కుర్రవాడు అట్ట వెనక అచ్చువేసిన పదాల జాబితా చూసి, ఇందులో వున్నది గూస్‌బెర్రీ వాసన అన్నాడు. గూస్‌బెర్రీని అతనూ చూడలేదు, నేనూ చూడలేదు. మిరపకాయను ఇద్దరం పుట్టినప్పటి నుంచీ ఎరుగుదుం. కాని జాబితాలో మిరపకాయ లేదు. ఆ ద్రాక్షలో వుండే పిరజీన్ జాతి పదార్థాలు పచ్చిమిరప, క్యాప్సికం కాయల్లో కూడా వున్నాయని తరువాత చదివాను. నా ముక్కు తప్పు చెప్పలేదు. రెండోది షెనిన్ బ్లాన్. జామపండు, కొంచెం తేనె. కాస్త తీపి వుండటం వల్ల కాబోలు, గొంతు దిగింది. మూడోది షార్డొనే. దాన్ని ఓక్ కొయ్య పీపాలో వుంచారట. నాకు కొత్త బల్ల వాసన తప్ప ఏమీ తెలియలేదు. నాలుగోది జిన్‌ఫాండెల్, రేగుపండ్ల వడియాల వాసన. అయిదోది షిరాజ్. దానిలో నేరేడుపండు వుంది, నేరేడు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు వుంది, ఆ రెంటి వెనక మిరియాలు వున్నాయి. జలుబు చేసినప్పుడు అమ్మ పెట్టే మిరియాల చారు పొయ్యి మీద మరుగుతుంటే ఇల్లంతా వచ్చే వాసన అది. జాబితాలో బ్లాక్‌బెర్రీ అని వుంది, నేరేడు లేదు. మిరియాలు మాత్రం వున్నాయి. ఆ వాసనకు కారణమైన రొటుండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో షిరాజ్‌లో గుర్తించారు. అదే మిరియాలకూ ఆ ఘాటు నిస్తుంది. ఆరోది కెబర్నే సావిన్యాన్. చిగుళ్ళు బిగదీసే వగరు. పచ్చి అరటికాయ కోసిన చెయ్యి నాకినట్టు.

మార్కులు వేశాను. సావిన్యాన్ 12, షెనిన్ 14, షార్డొనే 11, జిన్‌ఫాండెల్ 13, షిరాజ్ 16, కెబర్నే 12. వేసేటప్పుడు చెయ్యి తడబడలేదు. పదేళ్ళ అలవాటు!

నిజం చెప్పాలంటే షిరాజ్ నాకు నచ్చింది. ఉమ్మే పాత్ర పక్కనే వున్నా ఉమ్మలేదు. ఇది ఒప్పుకోవటానికి నాకు సిగ్గు వేసింది. ఎదుట మా నాయన కూర్చున్నట్టనిపించింది. ఆయన తాగినదానిలో నేరేడు లేదు, మిరియాలు లేవు. గొంతు కాలటం వుంది, మరపు వుంది. ఆయనకు దొరికింది అదే. రుచి అనేది తీరికలో పుడుతుంది. పొద్దు గుంకేదాకా నడుము వంచి పనిచేసినవాడు గ్లాసు తిప్పి వాసన చూడడు. అతనికి అభిరుచి లేదనటం, అన్నం దొరకనివాడికి ఆకలి లేదనటం లాంటిదే. ఇది నేను నాయనను వెనకేసుకు రావటానికి అనటం లేదు. ఆయన అమ్మను కొట్టాడు, కూలి డబ్బులు తగలేశాడు. కాని మద్యంలో నాగరికమైనది, అనాగరికమైనది అని రెండు జాతులు లేవు. పంచదార పదార్థాన్ని ఈస్ట్ పులియబెడితే పుట్టే ఆల్కహాలు రెంటిలోనూ ఒకటే. తేడా గ్లాసులో వుంది, గదిలో వుంది, తాగేవాడు మర్నాడు ఏ పనికి లేవాలన్నదానిలో వుంది.

నా మార్కుల పట్టీ చూసి మిత్రుడికి ఒక కొంటె ఆలోచన తట్టింది. నా కళ్ళకు రుమాలు కట్టి, వరస మార్చి, మళ్ళీ రుచి చూపించమన్నాడు. నేను మళ్ళీ మార్కులు చెప్పాను, ఆయన రాసుకున్నాడు. రుమాలు విప్పి చూస్తే 16 వేసిన షిరాజ్‌కు ఈసారి 12 వేశాను. 12 వేసిన కెబర్నేకు 15 వేశాను. నేరేడు, మిరియాలు అంటూ మొదట చేసిన కవిత్వమంతా ఏమైపోయింది? అవి లేవని కాదు. మొదటిసారి షిరాజ్ కంటె ముందు నోట్లో వున్నది తేలికైన జిన్‌ఫాండెల్, రెండోసారి వున్నది తీపి షెనిన్. తీపి తరువాత వగరు వస్తే వగరే నేరం చేసినట్టు కనిపిస్తుంది.

ఇది నా ఒక్కడి తెలివితక్కువ అయితే వ్యాసం రాయవలసిన పని లేదు. 2001లో బోర్డో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు ఆ వైన్‌ను ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. నాలుక కంటె ముందు కన్ను మాట్లాడింది. కాలిఫోర్నియాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన, స్వయంగా వైన్ తయారుచేసేవాడే, రాష్ట్ర పోటీల్లో న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోని వైన్‌ను వేరువేరు గ్లాసుల్లో తెలియకుండా మూడుసార్లు ఇప్పించాడు. 2008లో ఆయన ప్రచురించిన ఫలితం ప్రకారం పదిమందిలో సుమారు ఒకరు మాత్రమే మూడుసార్లూ దగ్గరదగ్గరగా మార్కులు వేయగలిగారు. వీళ్ళు రుమాలు కట్టుకున్న తెలుగు మాస్టర్లు కారు, ఆ విద్యలో తల నెరసినవాళ్ళు.

అలాగని రుచి అంతా బూటకమని తీర్పు చెప్పటం తొందరపాటు అవుతుంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఏర్పాటు చేసిన పరీక్షలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి, తెలుపులోనూ ఎరుపులోనూ కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు. పేరు కప్పివేయటంతో తరతరాల ఆభిజాత్యం ఒక మధ్యాహ్నంలో కూలింది. కనుక మార్కులకు నిలకడ లేకపోవటం ఎంత నిజమో, పేరూ ధరా వంశమూ కప్పినప్పుడు నాలుక స్వతంత్రంగా మాట్లాడుతుందన్నదీ అంత నిజం. విమర్శకుడు ఈ రెంటినీ పట్టుకుని నడవాలి.

గది బయటికి వచ్చాం. కోతల కాలం. నాసిక్ ప్రాంతంలో ద్రాక్షతీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవిలో ఒకసారి కొమ్మ కోసం, వానలు వెనకపట్టిన తరువాత ఒకసారి కాయ కోసం. జనవరి నుంచి మార్చి వరకూ కోతలు. పండు వేడెక్కకుండా తెల్లవారకముందే పని మొదలుపెడతారు. మేము వెళ్ళేటప్పటికి స్త్రీలు కొందరు పని ముగించి చెట్టుకింద రొట్టెలు తింటున్నారు. సుర్గాణా తాలూకా నుంచి ముఠాగా వచ్చిన ఆదివాసులు. మిత్రుడు మరాఠీలో మాట్లాడి నాకు చెబుతూ వచ్చాడు. వాళ్ళలో నలభై ఏళ్ళు దాటిన ఒకామె మా ప్రశ్నలకు జవాబిచ్చింది. "తాయీ, ఈ పండు ఎలా వుంటుంది?" అని అడిగాను. తినటానికి పనికిరాదన్నది. చిన్నకాయ, మందమైన తొక్క, నిండా గింజలు. సంతలో ఎవరూ కొనరు. పండిందో లేదో ఎలా తెలుస్తుందన్నాను. మేస్త్రీ దగ్గర తీపి కొలిచే గొట్టం వున్నదనీ, తమకు దానితో పనిలేదనీ చెప్పింది. గింజ కొరికితే చాలు. గింజ పచ్చగా, చేదుగా వుంటే ఇంకా కాలేదు. గోధుమరంగుకు తిరిగి, కటుక్కుమని విరిగి, చేదు తగ్గి వగరు మిగిలితే కోయవచ్చు. అంటూ ఒక గింజ కొరికి చూపించింది.

నేను స్తబ్ధుణ్ణయినాను. ఆ చల్లని గదిలో ఆరు గ్లాసులతో నేను వెతుక్కున్న వగరును ఆమె తీగ మీదే తూచి చెబుతున్నది. ఆమె మాట మళ్ళీ మళ్ళీ అడిగినా మారదు, ఎందుకంటే మారితే పని పాడవుతుంది. ఆమె తీర్పుకు ఎవరూ 20కి మార్కులు వేయరు, రుచిజ్ఞురాలని పేరు పెట్టరు. ఈ పండు పిండితే వచ్చేది ఎప్పుడైనా తాగావా అంటే నవ్వి, లోపలికి మేము పోము అన్నది. ఊళ్ళో ఇప్పసారా ఎరుగుదునన్నది. మా ఇద్దరి రుచిచూపుకు చెల్లించిన రుసుము ఆమె మూడు రోజుల కూలి కంటె కొంచెం ఎక్కువ. 2018లో ముంబాయి నడిచినవాళ్ళలో నువ్వున్నావా అని అడిగాను. తాను రాలేదట, మరిది నడిచాడట. అడవి భూమికి పట్టా కోసం నడిచాడు. ఆ భూమి సంగతి ఏమైందన్నాను. కాగితాలు తిరుగుతున్నాయన్నది.

తిరుగు ప్రయాణంలో రైల్లో నాకు మార్క్స్ జ్ఞాపకం వచ్చాడు. ఇది అలవాటుగా తెచ్చిపెట్టుకున్న జ్ఞాపకం కాదు. మార్క్స్ పుట్టిన ట్రియర్ పట్టణం మోసెల్ నది ఒడ్డున ద్రాక్షతోటల మధ్య వుంది. వాళ్ళ నాన్నగారికి ద్రాక్షతోటలో భాగం వుండేది. 1843 జనవరిలో, 24 ఏళ్ళ వయసులో, రైనిషె త్సైతుంగ్ పత్రికలో ఆయన మోసెల్ ద్రాక్షరైతుల దారిద్ర్యం గురించి రాశాడు. రైతుల బాధకు తమ పాలన కారణం కాదన్నది ప్రష్యన్ అధికారుల వాదన. దాన్ని ఆయన ఖండించాడు. కొద్ది నెలల్లోనే ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది. తనను మొట్టమొదట ఆర్థిక ప్రశ్నల వైపు తిప్పినవాటిలో ఆ రైతుల సమస్య ఒకటని 1859లో ఆయనే చెప్పుకున్నాడు. 'పెట్టుబడి' రెండో సంపుటంలో మళ్ళీ వైన్ వస్తుంది. ద్రాక్ష పిండిన తరువాత రసం పులియాలి, నిలవుండాలి. ఆ కాలమంతా ఉత్పత్తి సాగుతూనే వుంటుంది, శ్రమ మాత్రం ఆగి వుంటుంది. ఉత్పత్తి కాలమూ శ్రమకాలమూ ఒకటి కావని చెప్పటానికి ఆయన ఈ ఉదాహరణ వాడాడు. ఎంగెల్స్ సంగతికి వస్తే, సుఖమంటే ఏమిటని మార్క్స్ కూతురు తన పుస్తకంలో రాయమన్నప్పుడు 1848 నాటి షాతో మార్గో వైన్ అని రాశాడు. విప్లవ సంవత్సరపు సీసా!

కనుక రుచిని ఆనందించటం శ్రామికవర్గ ద్రోహమని మనం భయపడనక్కరలేదు. ప్రశ్న వేరే వుంది. పీపాలో రసం నిలవుండే కాలాన్ని సీసా మీద అచ్చువేస్తారు, గొప్పగా చెబుతారు. తెల్లవారకముందు కత్తెర పట్టుకున్న చేతుల కాలం సీసా మీద ఎక్కడా వుండదు. అట్టముక్క మీద ఏడు గళ్ళున్నాయి, కూలి అనే గడి లేదు. రసాన్ని వివరించటానికి భరతుడు కూడా భోజనాన్నే ఉపమానంగా తీసుకున్నాడు. నానావ్యంజనాలతో సంస్కరించిన అన్నాన్ని సుమనస్కులు ఆస్వాదించినట్టు ప్రేక్షకులు స్థాయీభావాలను ఆస్వాదిస్తారన్నాడు. ఎంత చక్కని ఉపమానం! ఎన్నోసార్లు పాఠం చెప్పాను. ఆ ఉపమానంలో తినేవాడు స్పష్టంగా కనిపిస్తాడు, వంటమనిషి కనిపించడని ఆ రైల్లో మొదటిసారి గమనించాను.

ఇంటికి వచ్చాక ఒక పని చేశాను. మా కళాశాలలో అంతర్గత పరీక్షల జవాబు పత్రాలు నా దగ్గరే వుంటాయి. నెల కిందట దిద్దిన ఒక కట్ట తీసి, పాత మార్కుల మీద కాగితం అంటించి, వరస మార్చి, మళ్ళీ దిద్దాను. సగానికి పైగా పత్రాల్లో మార్కులు మారాయి. ఒక పత్రం నన్ను వదిలిపెట్టలేదు. అక్షరాలు కోడిగీతలు, ల, ళ తేడా లేదు, అంతా ఇంటిభాష. మొదటిసారి 20కి 8 వేశాను. ఈసారి చదువుతుంటే, కన్యాశుల్కంలో మధురవాణిని గురించి గైడులో లేని మాట ఒకటి అందులో కనిపించింది. ఆ విద్యార్థి తన సొంత బుద్ధితో అన్నది. 13 వేశాను. మొదటిసారి దాన్ని దిద్దింది బహుశా గుండ్రటి అక్షరాలతో గైడును ఒప్పజెప్పిన తీపి పత్రం ఒకటి చదివిన వెంటనే అయివుంటుంది. గింజ కొరక్కుండా తొక్క రంగు చూసి తీర్పు చెప్పాను. ఆ విద్యార్థిని పిలిచి మార్కులు సవరించాను, కారణం చెప్పాను. అతను సంతోషించలేదు, ఆశ్చర్యపోయాడు. "అంతకుముందు వేసినవన్నీ సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. విశ్వవిద్యాలయ పరీక్షల్లో పదేళ్ళుగా నేను దిద్దిన పత్రాలు ఏ గోదాములో చిత్తుకాగితాలైనాయో!

ద్రాక్షాపాకం అంటే నోట్లో వేసుకోగానే రసం తెలిసేదనీ, కదళీపాకానికి తొక్క వలవాలనీ, నారికేళపాకానికి పెంకు పగలగొట్టాలనీ మనం చెబుతాం. చెప్పి, సులభమైనదానికి ఒక మార్కు, కష్టమైనదానికి ఒక మార్కు వేస్తాం. పాకం కవిత్వంలోనే వుందనుకోవటం సగం సత్యం. అది చదివేవాడి నోటిలో అంతకుముందు ఏ రుచి వున్నదన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. మా విద్యార్థికి ఇంటిభాష ద్రాక్షాపాకం, నాకది నారికేళం. పెంకు నా వైపు వుంది.

అంటే మంచిచెడ్డలు లేవనీ, ఎవరి రుచి వారిదనీ నేననటం లేదు. ఆ మాట వినటానికి ఉదారంగా వుంటుంది కాని, దాని వల్ల లాభపడేది ఇప్పటికే పేరూ ధరా వున్నవాళ్ళు. తీర్పు చెప్పకుండా విమర్శ లేదు. కాని తీర్పు చెప్పేవాడు తన కొలబద్దను బల్ల మీద పెట్టాలి. ఏ వరసలో చదివాడో, దేని పక్కన పెట్టి చూశాడో, ఏ మాటలు తన జాబితాలో లేవో చెప్పాలి. పేరు కప్పి చదవటానికి సిద్ధపడాలి. అన్నిటికంటె ముఖ్యంగా, గింజ కొరికి చూడగలిగినవాళ్ళను విమర్శకులుగా గుర్తించాలి. అచ్చుకు పూర్వం పాటను ఏరినవాళ్ళూ, బాగాలేని చరణాన్ని వదిలేసి బాగున్నదాన్ని నిలబెట్టినవాళ్ళూ నాట్లు వేసిన ఆడవాళ్ళే. వాళ్ళ తీర్పు వల్లనే ఆ పాటలు మనదాకా వచ్చాయి. మనం వాటిని సేకరించాం, వర్గీకరించాం, వాళ్ళను మాత్రం 'వక్తలు' అని పట్టికలో వేశాం.

ఒక సంగతి మిగిలింది. అమ్మకు చెప్పకుండా వుండలేకపోయాను. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు, భోజనం ముందు కూర్చుని, నాసిక్‌లో వైన్ తాగానని చెప్పాను. రుచి చూశాననవచ్చు, ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని సారా దుకాణం ముందు కూర్చున్న మనిషి దగ్గర భాషతో దొంగాట ఆడటం నాకిష్టం లేకపోయింది. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కంచంలో మరికాస్త అన్నం పెట్టింది.

"ఇంకా తాగాలనిపించిందంట్రా అబ్బయా?" అన్నది.

ఒకటి నచ్చిందమ్మా అన్నాను. మిరియాల చారు వాసన సంగతి చెప్పాను. ఆమెకు నవ్వు రాలేదు. తరువాత తోట సంగతి చెప్పాను, గింజ కొరికిన ఆమె సంగతి చెప్పాను. అప్పుడు తల ఎత్తి, "ఆ యమ్మకి కూలెంత ఇస్తారంటా?" అని అడిగింది. చెప్పాను. పిల్లలున్నారా, ఎవరి దగ్గర వదిలిపెట్టి వచ్చింది అని అడిగింది. అది నేను కనుక్కోలేదు.

అట్టముక్క ఇప్పటికీ నా బల్ల సొరుగులో వుంది. ఏడు గళ్ళూ నిండి వున్నాయి, మొత్తం కూడా వేసి వుంది. దాని వెనక, అచ్చువేసిన పదాల జాబితా కింద, పచ్చిమిరపకాయ, నేరేడు, రేగువడియం, పచ్చి అరటి అని నా చేత్తో రాసి పెట్టుకున్నాను. అమ్మ అడిగిన రెండు ప్రశ్నలనూ వాటి కిందే రాశాను. కూలి గడి ఒక్కటి ఎలాగో నింపాను. పిల్లల గడి నింపటానికి మళ్ళీ నాసిక్ వెళ్ళాలి.